అప్‌డేట్: చలిలో సైకిల్ మీద వేళ్లు కొంకర్లు పోతున్నాయని అడిగాను కదా

పోయిన నెల అడిగింది నేనే. పొద్దున్నే ఐదున్నరకి లింగంపల్లి నుంచి గండిపేట వైపు వెళ్తుంటే వేళ్లు మొద్దుబారి బ్రేక్ కూడా సరిగ్గా పట్టలేకపోతున్నాను, ఏం చేయాలి అని. జవాబిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

ముందు కోఠిలో ఉన్ని గ్లౌజులు కొన్నాను. ఇంట్లో వెచ్చగానే ఉన్నాయి కానీ రోడ్డెక్కాక గాలి అల్లికలోంచి సూటిగా లోపలికి దూరిపోయింది. గాలి లేని రోజైనా గంటకి 20 కిలోమీటర్ల వేగంతో వెళ్తే అంత గాలీ చేతులకి కొడుతుంది మరి. అందుకే ఇప్పుడు లోపల పల్చటి ఉన్నివి, పైన గాలి చొరబడని రెయిన్ గ్లౌజులు ఒక సైజు పెద్దవి వేస్తున్నాను. బిగుతుగా ఉంటే రక్తం సరిగ్గా ఆడదు, వేళ్లు ఇంకా త్వరగా చల్లబడతాయి.

అసలు తేడా తెచ్చింది మాత్రం విండ్‌చీటర్. ఒళ్లు చల్లబడితే శరీరం ముందు చేతులకీ కాళ్లకీ రక్తం తగ్గిస్తుందని ఒకరు రాశారు. నిజమే! ఛాతీకి గాలి తగలకుండా చూసుకున్న రోజు చేతులు వాటంతటవే వెచ్చగా ఉన్నాయి. మణికట్టు దగ్గర స్లీవ్‌ని గ్లౌజు లోపలికి దోపడం మర్చిపోవద్దు, సందు ఉంటే అంతా వృథా.

ఎండొచ్చాక పై గ్లౌజులు తీసేస్తాను, లేకపోతే చెమటకి లోపలివి తడిసి మళ్లీ చలే. నిన్న గండిపేట కట్ట దగ్గర ఆగి, వణక్కుండా టీ గ్లాసు పట్టుకున్నాను.