గోమార్లను (పిడుదులను) తినే జీవాలు మన దగ్గర ఏమైనా ఉన్నాయా? మందు కొట్టీ కొట్టీ విసిగిపోయాం

కళ్యాణదుర్గం రైతుబిడ్డ:

అందరికీ నమస్తే. మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. రెండు జెర్సీ ఆవులు, ఒక ఎనుము, ముప్పై దాకా గొర్రెలు. గొర్రెల్ని నాయన చూసుకుంటాడు, పాల పసుల పని నాదీ అమ్మదీ. వానలు మొదలైనప్పటి నుంచి ఆవులకు గోమార్లు ఎంతగా పట్టాయంటే చెవుల లోపల, తోక కింద, పొదుగు మీద వేలు పెట్టే సందు లేదు. మందు కొడితే వారం పది రోజులు తగ్గినట్టే ఉంటుంది, మళ్లీ మామూలే. పెద్దావు పూటకు లీటరు తక్కువ ఇస్తోంది. పోయిన నెల దూడకు జ్వరం తగిలి, మెడ దగ్గర గడ్డలు లేచి, నాలుగు రోజుల్లో చనిపోయింది. అది గోమార్లు మోసుకొచ్చే జబ్బే అన్నారు. అమ్మ ఇప్పటికీ ఆ గుంజ దగ్గరికి పోతే ఏడుస్తుంది.

నాయన చిన్నప్పుడు పసులు మేతకు పోతే వీపుల మీద పసులపోలిగాళ్లు, గోరింకలు, కాళ్ల చుట్టూ తెల్లకొంగలు ఉండేవంట. గోమార్లను అవే ఏరుకు తినేవి, మందు అనే మాటే తెలియదు అంటాడు. ఇప్పుడు మా ఆవులు కొట్టం దాటవు, పిట్టలూ రావు. అడవిలో దుప్పులకు ఎవరూ మందు కొట్టరు కదా, మరి వాటి గోమార్లను ఎవరు తింటారు? ఆఫ్రికాలో జిరాఫీ మీద కూర్చుని ఏరే పిట్ట వీడియో ఒకటి చూశా. అమెరికాలో అపోసం అనే జంతువు ఒక సీజన్‌లో 5000 తింటుందని ఇంకొకటి చూశా. మన దగ్గర అట్లాంటిది ఏదైనా ఉందా? గిన్నీ కోళ్లు తెచ్చుకో, సమస్యే ఉండదు అని ఒకాయన గట్టిగా చెప్తున్నాడు. డబ్బు పెట్టే ముందు తెలిసినవాళ్ల మాట వినాలని అడుగుతున్నా.

పిట్టల వెంట (కర్నూలు):

తమ్ముడూ, దూడ విషయం చదివి బాధేసింది. పిట్టల సంగతి వరకు నాకు తెలిసింది చెప్తా.

ఆ జిరాఫీ మీది పిట్ట ఆక్స్‌పెకర్. అది ఆఫ్రికాలోనే ఉంటుంది, మన దేశంలో లేదు. అది కూడా గోమార్లతో ఆగదు, పుండు కనిపిస్తే పొడిచి రక్తం తాగుతుంది. అపోసం లెక్క 2009లో వచ్చిన ఒక పరిశోధన నుంచి పుట్టింది. పట్టుకొచ్చిన అపోసంల మీదికి గోమారు పిల్లల్ని వదిలి, ఎన్ని కడుపు నిండి రాలాయో లెక్కపెట్టి, రాలనివన్నీ తినేసిందని లెక్క కట్టారు. 2021లో ఇంకొందరు 32 అపోసంల కడుపుల్లో వెతికితే ఒక్క గోమారూ దొరకలేదు. ఆ వీడియో మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

మన పిట్టల్లో కాకి, గోరింక నిజంగానే పసుల మీద వాలి గోమార్లు తింటాయి. ఆవు చెవి వంచి నిలబడితే కాకి లోపలికి ముక్కు పెట్టి ఏరడం నేను చాలాసార్లు చూశా. కానీ పుండు ఉన్న పశువు మీద కాకిని వాలనియ్యొద్దు, పుండును పెద్దది చేస్తుంది. తెల్లకొంగను తమిళంలో ఉణ్ణికొక్కు అంటారు, అంటే గోమార్ల కొంగ అనే. అంత పేరున్నా దాని అసలు తిండి పసులు నడిస్తే గడ్డిలోంచి ఎగిరే మిడతలు. గోమార్లు దొరికితే తింటుంది కానీ వాటి కోసం రాదు. పసులపోలిగాడికి పశువు వీపు కూర్చోవడానికి ఎత్తైన చోటు, అంతే, చూపంతా ఎగిరే పురుగుల మీదే. మీ నాయన చూసింది అబద్ధం కాదు, పిట్టలు ఉండేవి. గోమార్లు తక్కువగా ఉండటానికి మాత్రం అవి ఒక్కటే కారణం కాదు.

ఇంకో మాట. మొన్న ఒకాయన, ఏటా వీరాపురం ఊరికి వచ్చే కొంగల్ని మన ఊళ్లకూ రప్పిస్తే గోమార్లు పోతాయి అన్నాడు. అవి చెరువుల్లో చేపలు తినే ఎర్రకాళ్ల కొంగలు, పసుల జోలికే రావు.

అడవి సంగతి అడిగావు. దుప్పులకూ ఉంటాయి, ఉడుములకూ పాములకూ కూడా వాటి రకం గోమార్లు వేరే ఉన్నాయి. కాకపోతే అడవి జంతువు రోజూ ఒకే చోట పడుకోదు. నిండుగా తాగిన గోమారు ఒకచోట రాలి గుడ్లు పెడితే, పిల్లలు లేచేసరికి ఆ జంతువు ఇంకెక్కడో ఉంటుంది. మన కొట్టంలో ఆవు అదే గుంజకు కట్టేసి ఉంటుంది.

ఆదోని అక్క:

గిన్నీ కోళ్లు వద్దని చెప్పను కానీ మొదట మామూలు నాటు కోళ్లు పెట్టి చూడు నాయనా. గిన్నీవి పొద్దస్తమానం అరుస్తాయి, పక్కింటివాళ్లతో గొడవ, పైగా గుడ్లు ఎక్కడ పెడతాయో వెతుక్కోవాలి. మా ఇంట్లో పద్నాలుగు నాటు కోళ్లు ఉన్నాయి. పొద్దున ఐదున్నరకు గంప తీస్తే అవి పోయేది నేరుగా కొట్టంలోకే. పడుకున్న ఆవు కాళ్ల మధ్య, గంగడోలు కింద ఉన్న గోమార్లను అవి పీకుతుంటే మా ఆవు కదలదు. కింద రాలిన శనగగింజంత లావువి ఉంటాయి కదా, వాటి కోసం కొట్లాడుకుంటాయి. పేడ ఎత్తకముందే వదలాలి, అది గుర్తు పెట్టుకో. ఎత్తేశాక వదిలితే వాటికి ఏమీ మిగలదు, అవన్నీ పేడతో పాటు దిబ్బలోకి పోయి అక్కడ గుడ్లు పెడతాయి.

ఒక తప్పు చేశా, నువ్వు చేయొద్దు. ఆవులకు మందు కొట్టిన రోజే కోళ్లను వదిలా. మందు తగిలిన గోమార్లు తిని మూడు కోళ్లు సాయంత్రానికి పడిపోయాయి. అప్పటి నుంచి మందు కొడితే నాలుగైదు రోజులు వాటిని వేరే దొడ్లో మూస్తా.

కడప పశువైద్యం:

అక్క చెప్పిన పొద్దున సంగతి సరిగ్గా ఉంది. మన ఆవుల మీద ఎక్కువగా కనిపించే రకం మూడు వారాల పాటు పశువు మీదే పెరిగి, ఆడది రక్తంతో నిండాక ఎక్కువగా తెల్లవారాక పొద్దుటి పూటే రాలుతుంది. రాలింది సందులో దూరి రెండు మూడు వేల గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. కోడి ఒక్కదాన్ని మింగితే ఆ రెండు మూడు వేలూ పోయినట్టే. కెన్యాలో పసులతో కలిసి తిరిగే కోళ్ల కడుపులు కోసి చూసి, 1991లోనే అవి గోమార్లను బాగా తింటాయని రాశారు. గిన్నీ కోళ్ల మీద అమెరికాలో చేసిన పనిలో పెద్ద గోమార్లు తగ్గాయి కానీ చిన్నవి తగ్గలేదు.

మీ దూడను చంపింది థైలీరియా అనే జబ్బు అనుకుంటున్నా, జ్వరం, మెడ దగ్గర గడ్డలు దాని లక్షణాలే. దాన్ని మోసేది హయలోమా అనే ఇంకో రకం. ఇది పెరిగే క్రమంలో మధ్యమధ్యలో పశువును వదిలి గోడ సందుల్లో దాక్కుని మళ్లీ ఎక్కుతుంది. మన వైపు కొట్టాలు రాళ్లు పేర్చి మట్టి మెత్తినవి, దానికి అంతకన్నా మంచి ఇల్లు దొరకదు. మీరు ఆవుకు మందు కొడుతున్నారు, గోడను వదిలేస్తున్నారు. పదిరోజులకు మళ్లీ రావడానికి ఒక కారణం అదే. ఒకే మందు ఏళ్ల తరబడి వాడితే గోమార్లు దానికి అలవాటు పడటం ఇంకో కారణం, డాక్టరుకు చూపించి మందు మార్చండి. సందులు సిమెంటుతో పూడ్చి సున్నం కొట్టండి. దూడలకు థైలీరియా టీకా ఉంది, అడిగి వేయించండి.

మీ ప్రశ్నకు నా జవాబు ఇది: మన అనంతపురంలో గోమారుకు పెద్ద శత్రువు ఎండ. గుడ్లూ పసి పిల్లలూ పొడి వేడికి ఆగలేవు, ఎండిపోతాయి. అందుకే ఎండాకాలం బయట తక్కువ, వానలకు ఎక్కువ. కొట్టం చీకటిగా, తడిగా ఉంచి మనమే వాటిని ఎండ నుంచి కాపాడుతున్నాం. పైకప్పు ఒకవైపు ఎత్తి వెలుతురు పడేటట్టు చేయండి, పేడదిబ్బను దూరంగా వేయండి. నాయన రోజుల్లో పసులు పొద్దంతా బయట తిరిగేవి, పైగా అవి నాటువి. నాటు ఆవు చర్మం, నాకుడు, ఒళ్లు జలదరింపు గోమారును తేలిగ్గా నిలవనియ్యవు. జెర్సీకి ఆ బలం తక్కువ. మీ ఎనుముకు గోమార్లు తక్కువగా ఉన్నాయా లేదా చూడండి, బురదలో పొర్లే ఎనుముకు సాధారణంగా తక్కువే ఉంటాయి.

చేత్తో పీకినవాటిని గోళ్లతో నలపొద్దు. క్రిమియన్ కాంగో అనే జ్వరం 2011లో గుజరాత్‌లో మనుషుల ప్రాణాలు తీసింది, నలిపిన గోమారు రక్తం నుంచి కూడా అది అంటుతుంది. తొడుగు వేసుకుని పీకి సబ్బునీళ్ల డబ్బాలో వేయండి.

కళ్యాణదుర్గం రైతుబిడ్డ:

సార్, మీరన్నట్టే ఎనుముకు నాలుగైదు కూడా లేవు, ఇన్నాళ్లూ గమనించలేదు. ఇంకొకటి అడగాలి. కొట్టం మూలల్లో చీమలు ఎక్కువని నేను నెలనెలా చీమల మందు చల్లుతున్నా. నిన్న చల్లని వైపు చూస్తే నల్లచీమలు ఒక లావు గోమారును ఈడ్చుకుపోతున్నాయి. మందు ఆపేయాలా?

కడప పశువైద్యం:

ఆపేయండి. రాలిన ఆడ గోమార్లను చీమలు ఈడ్చుకుపోయి తినడం బ్రెజిల్, ఆస్ట్రేలియా పశువుల దగ్గర కూడా చూసి రాశారు. అప్పుడే పుట్టిన దూడ ఉన్న మూల మాత్రం శుభ్రంగా ఉంచండి, బొడ్డుకు చీమలు పడితే ప్రమాదం.

పిట్టల వెంట (కర్నూలు):

చీమల మందు ఆపితే గోరింకలు కూడా వస్తాయి తమ్ముడూ, అవి కొట్టం ముందు నేల మీదే ఎక్కువ ఏరుకుంటాయి.

కళ్యాణదుర్గం రైతుబిడ్డ:

నెల తర్వాత రాస్తున్నా. గోడ సందులు పూడ్చాం, సున్నం కొట్టాం, తూర్పు వైపు రేకులు రెండు తీసేశాం. ఆరు కోళ్లు తెచ్చి పొద్దున్నే వదులుతున్నాం, మొదటి వారం ఆవులు తన్నాయి, ఇప్పుడు అలవాటయ్యాయి. డాక్టరు మందు మార్చారు, ఒక్కసారే కొట్టాం. కాళ్ల మీద, పొట్ట కింద దాదాపు లేవు. చెవుల్లో, తోక కింద ఇంకా ఉన్నాయి, అక్కడికి కోడి ముక్కు అందదు కదా, అమ్మ రోజూ సాయంత్రం తొడుగు వేసుకుని కూర్చుని తీస్తోంది. పెద్దావు పాలు అర లీటరు పెరిగాయి. గొర్రెల రొప్పం ఇంకా అట్లాగే ఉంది, చుట్టూ కంపే, పూడ్చడానికి గోడ లేదు, కోళ్లను వదిలితే రాత్రి కుక్కలు పట్టుకుపోతాయి. రొప్పం దగ్గర ఎవరైనా ఏమైనా చేసి ఉంటే చెప్పండి.

ఆదోని అక్క:

రొప్పాన్ని పదిహేను రోజులకొకసారి ఇంకో చోటికి మార్చమని చెప్పు మీ నాయనకు. మా మామ అట్లాగే చేస్తాడు, పాత చోటు ఎండకు వదిలేస్తాడు. పొలానికి ఎరువూ అవుతుంది.