‘స్టువర్టుపురం వాడిలా ఉన్నాడు’: పిల్లల నవలలో ఈ మాట

ప్రశ్న: మన చెన్నై తెలుగు పిల్లల కోసం డిటెక్టివ్ నవల రాస్తున్నాను. అన్నానగర్ అపార్ట్‌మెంట్‌లో వాచీ పోతుంది. కొత్త వాచ్‌మన్ కొడుకుని చూసి ఒక పెద్దాయన ‘స్టువర్టుపురం వాడిలా ఉన్నాడు’ అంటాడు. చివర్లో వాళ్ళది ఒంగోలని తేలుతుంది, అనుమానం తీరిపోతుంది. ఈ మాట పిల్లలకు అర్థమవుతుందా? ఫుట్‌నోట్ వేయాలా?

జవాబు: అర్థమవుతుందండీ, నా భయమే అది. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లల్లో చాలామందికి ఆ ఊరు బాపట్ల దగ్గరుందని కూడా తెలియదు. మీ పుస్తకంలోనే మొదటిసారి చూస్తారు, దొంగకి ఇంకో పేరు కాబోలనుకుంటారు.

ఆ ఊరికి ఆ పేరు వెళ్ళింది మన మద్రాసు నుంచే. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చారు. ఆ తర్వాత ఎరుకల కుటుంబాలను కట్టడిలో పెట్టడానికి సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేత సెటిల్‌మెంట్, అంటే వాళ్ళను ఒకచోట ఉంచే కాలనీ, నడిపించి, ఇక్కడి ప్రభుత్వంలో ఉన్న హెరాల్డ్ స్టువర్ట్ పేరు దానికి పెట్టారు. దొంగతనం రుజువు కానక్కర్లేదు, ఫలానా కులంలో పుడితే చాలు, పేరు రిజిస్టర్‌కెక్కేది. హాజరు వేయించుకోవాలి. ఊరు దాటాలంటే పాసు కావాలి. 1952లో దేశమంతటా ఆ చట్టం పోయింది. మన నోటి నుంచి మాట పోలేదు.

అదే ఎరుకల వాళ్ళను మన కథల్లో ఎలా చూశారో చూడండి. పద్మావతి మనసులో మాట తల్లికి తెలియాలని శ్రీనివాసుడు వేసింది ఎరుకలసాని వేషం. ధరణీదేవి ఆమెను లోపలికి పిలిచి, కూర్చోబెట్టి సోది చెప్పించుకుంది. ఎక్కడిదానివని అనుమానపడలేదు.

ఇక మీ ముగింపు. వాళ్ళది ఒంగోలు కాబట్టి పిల్లాడు దొంగ కాదన్నమాట. మరి నిజంగా స్టువర్టుపురమే అయ్యుంటే? ఒక్క కుర్రాణ్ణి వదిలేసి ఊరందరి మీదా నింద అలాగే ఉంచేశారు.

ఇంకో సభ్యుడు: పెద్దవాళ్ళు అలా అంటూనే ఉన్నారు కదా సార్. పిల్లల దగ్గర దాచేద్దామా?

జవాబు: దాచొద్దు సార్, అనిపించండి. కానీ కుర్రాణ్ణి స్టువర్టుపురం వాడినే చేయండి. వాచీ లిఫ్టు గుంటలో దొరకాలి. దొరికాక ఆ పెద్దాయన కుర్రాడి ముందుకొచ్చి ఏమంటాడో ఒక పేజీ రాయండి, నవలలో కష్టమైన పేజీ అదే. ఫుట్‌నోట్ అక్కర్లేదు. తాతగారు పాసు చూపించి ఊరు దాటిన సంగతి వాచ్‌మన్ చేతే చెప్పించండి.