అంబాసిడర్‌కి ఫ్యాన్ కవర్ చేయించాలి: సిగ్నల్ దగ్గర ఆగితే వేడెక్కిపోతోంది

బెజవాడ_మార్క్4

అందరికీ నమస్కారం. మా నాన్నగారి అంబాసిడర్ మార్క్ 4, 1489 సీసీ పెట్రోల్ బండి. నాన్నగారు కొన్ననాటి నుంచి వేరే ఇంజిన్ ఎక్కించలేదు. వచ్చే నెల ఆయనకి డెబ్బై నిండుతాయి. ఆ రోజు ఆయన్నే స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టి అన్నవరం కొండ ఎక్కాలని నా కోరిక.

సమస్య వేడి. డాష్‌బోర్డు కింద విడిగా ఇంజిన్ నీళ్ల వేడి డిగ్రీల్లో చూపే మెకానికల్ గేజ్ ఒకటి బిగించాను. ఏలూరు రోడ్డెక్కి అరవైలో పోతుంటే ముల్లు 82 దగ్గర కదలకుండా ఉంటుంది. బెంజి సర్కిల్లో రెండు సిగ్నళ్లు పడితే చాలు, 100 దాటుతుంది. మొన్న 104 చూశాను. వెంటనే పక్కకి తీసి ఆపేశాను. నాన్నగారు పక్కనే ఉన్నారు, ఏమీ అనలేదు గానీ ఆయన చూపు గేజ్ మీదే ఉంది. నాకు అప్పట్నించీ ఒకటే టెన్షన్.

ఇప్పటిదాకా చేయించినవి: రేడియేటర్‌కి కొత్త కోర్ (నీళ్లు చల్లబడే జాలీ భాగం), కొత్త వాటర్ పంపు, కొత్త ఫ్యాన్ బెల్టు. థర్మోస్టాట్ (వేడిని బట్టి నీళ్ల దారి తెరిచే వాల్వు) ఉంది, తీసేయలేదు. ఇగ్నిషన్ టైమింగ్ కూడా చూపించాను. మా బండికి ఫ్యాన్ చుట్టూ కవర్ లేదు. ఆటోనగర్లో రేకుతో చేసిస్తామంటున్నారు, కానీ కొలతలు నన్నే చెప్పమంటున్నారు. ఎవరైనా చేయించి ఉంటే చెప్పండి. అసలు దీనివల్ల ఉపయోగం ఉంటుందా?

డిపో_గ్యారేజ్

బాబూ, నేను ఆర్టీసీ గ్యారేజీలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. రోడ్డు మీద చల్లగా ఉండి, నిలబడితే వేడెక్కుతోందంటే నీళ్ల లోపం కాదు, గాలి లోపం. బండి వేగంగా పోతుంటే ఎదురుగాలే రేడియేటర్‌ని చల్లబరుస్తుంది, ఫ్యాన్‌తో పెద్దగా పని ఉండదు. ఆగినప్పుడు ఫ్యాన్ ఒక్కటే దిక్కు. కవర్ లేకపోతే ఫ్యాన్ తనకి ఎదురుగా ఉన్న గుండ్రటి భాగంలోంచే గాలి లాగుతుంది. నాలుగు మూలలూ ఖాళీగా ఉండిపోతాయి. అంతకన్నా నష్టం ఇంకోటుంది. రెక్కల అంచుల పక్కనుంచి ఇంజిన్ దగ్గరి వేడిగాలే వెనక్కి తిరిగొచ్చి మళ్లీ అదే తిరుగుతుంది.

రేకు కొనేముందు ఒక పరీక్ష చెయ్యి. ఇంజిన్ ఐడిల్లో పెట్టి, రేడియేటర్ ముందువైపు నుంచి పేపర్ ముక్క ఆనించు. మధ్యలో అతుక్కుని, మూలల్లో జారి కింద పడితే నీకు కవర్ కావాల్సిందే. చెయ్యి ముందువైపే ఉండాలి, ఫ్యాన్ వైపు వెళ్లకూడదు. చొక్కా చేతులు మడుచుకో.

కవర్ రేడియేటర్ కోర్ మొత్తాన్నీ మూయాలి. గుండ్రటి రంధ్రానికి మాత్రం ఫ్యాన్ మధ్యనే లెక్క, రేడియేటర్ మధ్య కాదు. రెండూ ఒకే చోట ఉంటాయని అనుకోవద్దు, కొలుచుకో. రెక్క వెడల్పులో సగం రంధ్రం లోపల, సగం ఇంజిన్ వైపు బయట ఉండాలి. పూర్తిగా లోపలికి పోతే గాలి వెనక్కి విసరడానికి చోటుండదు.

డాలస్_మస్టాంగ్

పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం. ఆయన చెప్పిన రంధ్రం గురించే ఇంకో మాట. నా బండి 1967 మస్టాంగ్, 289 వీ8. దీనికి ష్రౌడ్, అంటే ఈ ఫ్యాన్ కవరే, రెడీమేడ్‌గా దొరుకుతుంది, కొని బిగించాను. రెక్క చివరకీ ష్రౌడ్‌కీ మధ్య అర అంగుళమే వదిలాను. ఒకరోజు గట్టిగా యాక్సిలరేటర్ తొక్కగానే టకటకమని భయంకరమైన శబ్దం. ఎడమవైపు ఇంజిన్ మౌంట్ (ఇంజిన్‌ని ఛాసిస్‌కి పట్టి ఉంచే దిమ్మ) రబ్బరు చిరిగి ఉంది, నేను చూసుకోలేదు. ఇంజిన్ లేచి ఫ్యాన్ ష్రౌడ్‌ని కోసేసింది. రేడియేటర్ బతికింది, అదే అదృష్టం.

ఫ్యాన్ ఇంజిన్‌తో పాటు ఊగుతుంది, కవర్ రేడియేటర్‌తో పాటు నిలబడి ఉంటుంది. అందుకని అన్నా, చుట్టూ ఒక అంగుళం వదలండి. ముందు మౌంట్లు చూపించండి.

డిపో_గ్యారేజ్

ఆ అంగుళం మాట బాగా చెప్పారు. ఇంకో రెండు సంగతులు. కవర్‌ని కోర్ జాలీలోంచి స్క్రూలు దూర్చి బిగించనివ్వకు, పక్క బ్రాకెట్లకే పట్టించు. రేడియేటర్ దగ్గర వెల్డింగ్ అసలే వద్దు, ఇత్తడి ట్యాంకుల టంకం కరిగిపోతుంది. కవర్ పైముక్క విడిగా ఊడొచ్చేలా చేయించు, లేకపోతే బెల్టు మార్చాలన్నప్పుడల్లా రేడియేటర్ దింపాల్సి వస్తుంది.

బెజవాడ_మార్క్4

పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను. బాబాయి గారూ, పేపర్ పరీక్ష మీరు చెప్పినట్టే అయింది. మధ్యలో అతుక్కుంది, నాలుగు మూలల్లోనూ జారిపోయింది. మౌంట్లు చూపిస్తే ఒకటి నూనె తాగి మెత్తబడి ఉంది, రెండూ మార్పించాను. డాలస్ తమ్ముడూ, నువ్వు చెప్పకపోతే నేను అటు చూసేవాణ్ణే కాదు.

ముందు అట్టపెట్టె కోసి నమూనా చేసుకున్నాను. మూడు అట్టలు పాడయ్యాయి. మా బండిలో ఫ్యాన్ మధ్య రేడియేటర్ మధ్యకన్నా ముప్పావు అంగుళం కిందకి ఉంది. కొలవకుండా చేయిస్తే కింద తగిలేది. నాలుగో అట్టని ఆటోనగర్ తీసుకెళ్తే గాల్వనైజ్డ్ రేకుతో రెండు ముక్కలుగా చేసిచ్చారు. అంచులకి పాత పెట్రోల్ పైపు నిలువునా చీరి తొడిగాను, హోస్ పైపు ఒరుసుకోకుండా. కోర్‌కీ రేకుకీ మధ్య సందులో డోర్ బీడింగ్ రబ్బరు పెట్టాను. ఈ సందు వదిలేస్తే గాలి అక్కడినుంచే లాగేస్తుందట.

నిన్న మధ్యాహ్నం ఎండలో బెంజి సర్కిల్ వెళ్లి కావాలనే ట్రాఫిక్‌లో నిలబడ్డాను. 93 దగ్గర ముల్లు ఆగింది. పది నిమిషాలైనా దాటలేదు. ఇంటికొచ్చాక మళ్లీ పేపర్ పెట్టాను, నాలుగు మూలల్లోనూ అతుక్కుంది. నాన్నగారు వచ్చి ఆ పేపర్ తనే ఒకసారి పెట్టి చూసుకున్నారు. తర్వాత తాళాలు అడిగి వీధి చివరిదాకా నడిపి తెచ్చారు.

ఒక్కటి మిగిలింది. నలభై దాటాక ఎడమవైపు కింది బ్రాకెట్ దగ్గర సన్నగా రేకు మోత వస్తోంది. ఆదివారం బోల్టు విప్పి రబ్బరు వాషర్లు వేస్తాను.