హన్మకొండలో ఉండి బడి నాటకాల వేషాలు, చదువు ఆటలు చేసుడే పనిగా పెట్టుకుంటే నడుస్తదా?

వర్ణ_హన్మకొండ:
అన్నలకు, అక్కలకు నమస్తే. బీకాం అయిపోయింది. టైలరింగ్ లోయర్, హయ్యర్ గ్రేడ్ రెండూ పాసైన, బొమ్మలు కూడా వేస్త. ఒక బడివాళ్లు జనవరి వార్షికోత్సవంలో రుద్రమదేవి నాటకం వేస్తున్నరు. 6 నుంచి 8 తరగతి దాకా 22 మంది పిల్లలు. వేషాలన్నీ నన్నే చెయ్యమన్నరు. అదే బడిలో 3వ తరగతి టీచర్ ఒత్తులు నేర్పే కార్డుల ఆట ఒకటి కావాలంటున్నది. గుడ్డ ఎంత పడుతది, ధర ఎట్ల చెప్పాలె, ఏడ దెబ్బతింటం? ఈ రెండు పనులు ఒక్కరే చేసుకోవచ్చా, లేకపోతే ఒకటి పట్టుకుని ఒకటి వదలాల్నా? దీనికి ఏమన్న కోర్సు ఉన్నదా? తెలిసినవాళ్లు వివరంగ చెప్పండి.

దారం_డబ్బా (కొత్తవాడ):
చెల్లె, ముందు కొలతలు. ఒక్కొక్కరికి ఐదు రాసుకో: ఛాతీ, నడుము, భుజం నుంచి మోకాలు, నడుము నుంచి మడమ, తల చుట్టు. తల చుట్టు అందరూ మరిచిపోతరు, చివరి రోజు కిరీటం కండ్ల మీదికి జారుతది. ఇప్పుడు తీసిన కొలత జనవరికి సరిపోదు, ఆ వయసులో పిల్లలు మూడు నెలలకే పొడుగైతరు. కింద మడత 2 అంగుళాలు లోపలికి వదులు. 22 మందికి 22 సైజులు కుట్టకు. ఛాతీ 26, 29, 32 అని మూడు సైజులు పెట్టి, పక్కలకు నాడాలు కట్టుకునేటట్టు చెయ్యి. ఆ రోజు ఎవరో ఒకరికి జ్వరం వస్తది, వాళ్ల వేషం ఇంకొకరికి పట్టాలె.

పంచెకు ఒక్కొక్కరికి 44 అంగుళాల పన్నా కాటన్ రెండున్నర మీటర్లు. 22 మందికి 55, పదిశాతం వృథా కలిపితే 60న్నర మీటర్లు. మొత్తం ఒకే తాను లోంచి, ఒకే రోజు తీసుకో. తక్కువపడ్డదని మళ్ల పోతే అదే రంగు అదే ఛాయలో దొరకదు, స్టేజి మీద వరసగ నిలబడ్డప్పుడు కొట్టొచ్చినట్టు కనపడుతది. కోసేముందు రాత్రంతా నీళ్లల్ల నానబెట్టి ఆరబెట్టు. కొత్త కాటన్ కుంచించుకుపోతది, కుట్టినంక పోతే చేసేదేం లేదు.

పంచె పిల్లలకు కట్టకు, కుట్టిచ్చెయ్. ముందు కుచ్చిళ్లు 7, ఒక్కోటి అంగుళం, మడతపెట్టి నడుముపట్టీలోకి కుట్టాలె. నడుముకు అంగుళం ఎలాస్టిక్, పిల్లగాని నడుము కంటే 2 అంగుళాలు తక్కువ. కానీ ఎలాస్టిక్ ఒక్కటే నమ్ముకోవద్దు. పేరిణి నాట్యం అడుగులు పెట్టిస్తరు గద, నాలుగు ఎగురుళ్లకే జారుతది. అదే గొట్టంలోంచి నాడా కూడా పోనియ్యి. పిన్నీసులు అసలే వద్దు, గుంపులో ఒకరికి గుచ్చుకుంటే నాటకం ఆగిపోతది.

ఇగ కిరీటం. 6 మి.మీ. ఫోమ్ షీట్ పట్టీకి, 3 మి.మీ. షీట్ పైన పువ్వులకు, అంచులకు. తల 52 సెం.మీ. ఉంటే పట్టీ 52 కోస్తే బిగుసుకుంటది. ఎందుకంటే షీట్‌కు మందం ఉన్నది. చుట్టినప్పుడు లోపలి చుట్టు దాదాపు 2 సెం.మీ. తగ్గుతది. అందుకే 52కు 2 కలిపి, ఇంకో 1 వదులు పెట్టి 55 కోయాలె. వెనక రెండు కొసలు అతికించకు, ఆ 55లోంచే రెండు వేళ్ల సందు కోసి తీసి అక్కడ వెడల్పు ఎలాస్టిక్ కుట్టు. గడ్డం కింద దారం కడితే డైలాగు చెప్పేటప్పుడు నోరు ఆడదు. షీట్ మీద నేరుగా బంగారు రంగు వేస్తే పీల్చుకుంటది, వంచితే పగుళ్లు. హీట్ గన్‌తో పైపైన వేడి చూపియ్యి, పైపొర కొంచెం మెరిసినట్టయితది, అప్పుడు ఆపు. ఫెవికాల్, నీళ్లు సమానంగ కలిపి మూడు పూతలు, ఒక్కోటి పూర్తిగ ఆరినంకనే ఇంకోటి. అటెంక యాక్రిలిక్ బంగారు రంగు. చిందు యక్షగానం వాళ్ల కిరీటాలు, భుజకీర్తులు తేలిక చెక్కతో చేసింది ఊరికే కాదు. తల మీద బరువు ఉంటే మెడ తిరగదు, మెడ తిరగకపోతే అభినయం లేదు.

రంగుల దగ్గర ఒక మాట. రాత్రి యుద్ధం సీనుకు నీలం లైట్ వేస్తరు. నీలం వెలుతురులో ఎరుపు నల్లగ కనపడుతది, ఆ బట్ట మీదికి ఎరుపు వెలుతురు రాదు కాబట్టి తిప్పి కొట్టదు. మెరూన్ పంచెల సైనికులు నల్ల తెర ముందు మాయమైపోతరు. బట్ట కొనేముందు ఫోన్ టార్చికి నీలం జిలాటిన్ కాగితం చుట్టి ముక్క మీద వేసి చూడు. హారతి సీను ఉంటే పాలిస్టర్ శాటిన్ దగ్గరికి రానియ్యకు. నిప్పు తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటది.

ధర ఎట్ల అంటే: సామాను ఖర్చు మీద పదిశాతం వృథా, నీ గంటల కూలి, ఉతుకు, ఆటో. గంటలు నిజంగ లెక్కపెట్టు. కిరీటం ఒక్కటి మూడు గంటలు తింటది, పూతలు ఆరే సమయం కాకుండ. సగం అడ్వాన్స్ రాకుండ బట్ట కొనకు.

రంగస్థలం_కాజీపేట:
దారం డబ్బా గారు చెప్పిన పనితనం అక్షరాలా నిజం. కాని 22 పూర్తి వేషాలు అనే మాట దగ్గరే నాకు అభ్యంతరం. బడి నాటకం అంటే సినిమా సెట్టు కాదు. అందరికీ ఒకే లేత రంగు కాటన్ పంచె, చేతుల్లేని బనీను. పాత్ర మారాలంటే ఒక కండువా, ఒక నడుంపట్టీ, ఒక తలపాగా. అదే పిల్లవాడు మొదటి సీనులో రైతు, మూడో సీనులో సైనికుడు అవుతాడు. పూర్తి వేషం మార్చాలంటే తెర వెనక 40 సెకన్లు చాలవు, కండువా మార్చడానికి పది చాలు. ఖర్చు కూడా సగానికి దిగుతుంది.

రుద్రమ కాలానికి మఖ్మల్ కోట్లు, జరీ షేర్వాణీలు తొడగొద్దు. 13వ శతాబ్దం అది. రామప్ప గుడి 1213లో కట్టింది, రుద్రమ 1262 ప్రాంతంలో సింహాసనం ఎక్కింది, అంటే దాదాపు ఆ కాలమే. ఆ గుడి ఉన్న పాలంపేటకు ఒక్కరోజు వెళ్లి మదనికల (గుడి మీది స్త్రీ శిల్పాల) నగలు, నడుంకట్టు, జుట్టుముడి గీసుకుని రండి. శిల్పాల్లో కుట్టిన బట్ట కంటే కట్టిన బట్ట, దానిమీద నగలు ముఖ్యం. రుద్రమ మగవేషంలో ఏలింది కాబట్టి ఆమెకు చీర కాదు. మిగతా రాజుల్లాగే పంచెకట్టు, పైన ఉత్తరీయం ఇస్తే కథ కూడా నిలబడుతుంది.

ఇంకోటి. ఆ నగలు పిల్లలచేతే చేయించండి. అట్ట, మందపు దారం, ఫెవికాల్. దారాన్ని అట్ట మీద ముగ్గులా అతికించి రంగు వేస్తే చెక్కిన నగలాగే ఉంటుంది. రెండు డ్రాయింగ్ పీరియడ్లు చాలు. అదీ చదువే.

దారం_డబ్బా (కొత్తవాడ):
కండువా పద్ధతి మంచిదే, ఒప్పుకుంటున్న. కాని తల్లిదండ్రులు ఫోటో కోసం కూడా వస్తరు. రుద్రమకు, గణపతిదేవునికి, శత్రురాజుకు మూడు పూర్తి వేషాలు, మిగతా 19 మందికి కండువాలు. ఈ లెక్క బడివాళ్లకు ముందే రాసిచ్చెయ్ చెల్లె, నోటిమాట వద్దు.

బడిఆటలు_కరీంనగర్:
ఒత్తుల ఆట గురించి. మొదట ఆట కాదు, పిల్లలు ఎక్కడ తడబడుతున్నారో చూడాలి. గ, చ, ద, ప లాంటి వాటి ఒత్తులు దాదాపు తలకట్టు తీసేసిన అక్షరాలే, పిల్లలు పోల్చుకుంటారు. త, న, మ, య, ర, ల ఒత్తులు అసలు అక్షరాన్ని పోలవు. తప్పులు ఎక్కువగా అక్కడే. కాబట్టి కార్డులన్నిటినీ సమానంగా పంచకుండా, ఈ ఆరింటికి ఎక్కువ కార్డులు ఇవ్వండి. మొదటి కట్టలో అమ్మ, అన్న, అత్త, చెల్లి, పువ్వు వంటి ద్విత్వాలు, రెండో కట్టలో పద్మ, పుస్తకం, చక్రం వంటి సంయుక్తాలు. రెండూ ఒకే రోజు కలిపితే 3వ తరగతి పిల్లలు చేతులెత్తేస్తారు.

కార్డులెన్ని అనేది ప్రెస్సు కాగితాన్ని బట్టి తేల్చాలి. 12×18 అంగుళాల షీటు మీద 63×88 మి.మీ. కార్డులు, చుట్టూ 3 మి.మీ. కోత వదిలి, అడ్డంగా 6, నిలువుగా 3, మొత్తం 18 పడతాయి. అంటే 54 కార్డుల కట్ట మూడు షీట్లలో అయిపోతుంది. 56 అనుకుంటే రెండు కార్డుల కోసం నాలుగో షీటు కొనాలి. అందుకే 30 అక్షరాలు, 20 ఒత్తులు, 4 ఖాళీ కార్డులు. ఖాళీవి పిల్లలు తమ పేరులో ఉన్న ఒత్తు రాసుకోవడానికి, అవే వాళ్లకు ఇష్టమైన కార్డులవుతాయి. తరగతిలో 40 మంది ఉంటే నలుగురికి ఒక కట్ట, పది కట్టలు, 30 షీట్లు. కాగితం 300 జీఎస్ఎం (కాగితం బరువు లెక్క) ఆర్ట్ కార్డు, రెండువైపులా మ్యాట్ లామినేషన్. నిగనిగలాడేది వద్దు, ట్యూబులైటు కింద అక్షరం కనిపించదు. మూలలు గుండ్రంగా కోయించండి, లేకపోతే వారంలో లామినేషన్ లేస్తుంది. వెనకవైపు సన్నటి గీత అంచు పెట్టవద్దు. రెండోవైపు అచ్చు ఒకటి రెండు మిల్లీమీటర్లు జరుగుతుంది, అంచు వంకరగా పడి ఏ కార్డు ఏదో పిల్లలు గుర్తుపట్టేస్తారు.

అక్షరాలు పగిలిపోవడం మన దగ్గర నిత్యం జరిగేది. చాలా ప్రెస్సుల్లో ఇప్పటికీ 'అను' అనే పాత పద్ధతి తెలుగు ఫాంట్లు, మీరు యూనికోడ్‌లో పంపితే ఒత్తులు ఎక్కడికో ఎగిరిపోతాయి. పేజీలు పెట్టే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అయితే వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టాలి, అది లేకపోతే ఒత్తు అక్షరం కిందికి రాకుండా పక్కన నిలబడుతుంది. పంపేముందు అక్షరాలన్నీ ఔట్‌లైన్లుగా మార్చి పీడీఎఫ్ ఇవ్వండి. కింద ఒత్తు తెగకుండా వరసల మధ్య జాగా ఎక్కువ వదలండి. ఫాంటు ఎంచుకునేటప్పుడు ద, ధ పక్కపక్కన, మ, య పక్కపక్కన అచ్చేసి బారెడు దూరం నుంచి చూడండి. తేడా కనిపించకపోతే ఆ ఫాంటు వదిలేయండి.

ప్రెస్సుకు పోయేముందు పాత పెళ్లి పత్రికలు కోసి వెనక స్కెచ్ పెన్నుతో రాసి ఆడించండి. మీరు పక్కన కూర్చుని నోరు మూసుకోవాలి. పిల్లలు నియమం అడిగిన ప్రతిసారీ ఒక గీత పెట్టుకోండి, ఎక్కడ గీతలు పోగుపడితే అక్కడ నియమం మార్చాలి. పీరియడ్ 40 నిమిషాలు. పంచుకోవడం, నియమం చెప్పడం 5, ఆట 25, మిగిలింది కార్డులు ఏరి కట్ట కట్టడానికి. ఓడినవాళ్లు బయటికి పోయే ఆట పెట్టొద్దు, బలహీనంగా ఉన్న పిల్లలే ముందు బయటికి పోతారు, వాళ్లకే అభ్యాసం ఎక్కువ కావాలి. వైకుంఠపాళి గీసి ప్రతి గడిలో ప్రశ్న పెట్టడం కూడా ఆట కాదు, ప్రశ్న తీసేసినా ఆట అలాగే నడుస్తుంది కదా. పదం కట్టడమే ఎత్తు కావాలి. అష్టాచెమ్మా చూడండి, నాలుగు గవ్వలు ఎన్ని వెల్లకిలా పడ్డాయో లెక్కపెట్టందే కాయ కదలదు. 8వ తరగతికి సంభావ్యత చెప్పాలంటే అదే గవ్వలను వందసార్లు వేయించి పట్టిక రాయించండి, కొత్తగా ఏదీ కనిపెట్టక్కర్లేదు.

ఒక బడికి చేసివ్వడం వేరు, బజారులో అమ్మడం వేరు. 14 ఏళ్లలోపు పిల్లల ఆటబొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. చెక్క పావులు కావాలంటే నిర్మల్‌లో పొనికి కర్రతో తేలికగా చేస్తారు. మెత్తటి కర్ర కాబట్టి సన్నటి అంచులు విరుగుతాయి, గుండ్రటి ఆకారాలే చెప్పండి, రంగు సీసం లేనిదేనా అని అడగండి. అంగన్‌వాడీకి మాత్రం గవ్వలు, చింతగింజలు వద్దు. మూడేళ్లలోపు పిల్లలు మింగేస్తారు.

రంగస్థలం_కాజీపేట:
కోర్సుల మాట ఎవరూ ఎత్తలేదు కాబట్టి. బడిలో కుట్టు టీచర్ కావాలంటే, టైలరింగ్ లోయర్, హయ్యర్ మీకు ఉన్నాయి కాబట్టి ఇక 42 రోజుల టీటీసీ (టెక్నికల్ టీచర్ సర్టిఫికెట్) వేసవి శిక్షణ. అది ముందు పూర్తిచేయండి, ఖర్చు తక్కువ. డిజైన్ లోతుగా చదవాలంటే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్ఐడీ) గాంధీనగర్‌లో టాయ్ అండ్ గేమ్ డిజైన్ పీజీ ఉంది. ఐఐటీల్లో ఎం.డిజైన్‌కు సీడ్ ప్రవేశ పరీక్ష, అది రాయడానికి మూడేళ్ల డిగ్రీ చాలు, చేరడానికి మాత్రం ఒక్కో ఐఐటీ అర్హత వేరు, చూసుకోండి. హైదరాబాద్‌లో జేఎన్ఏఎఫ్ఏయూ అనే కళల విశ్వవిద్యాలయంలో బీఎఫ్ఏ అప్లైడ్ ఆర్ట్ ఉంది, అయితే అది మళ్లీ మొదటి నుంచి డిగ్రీ. నాటకం వైపు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ పీజీ. జాతీయ నాటక పాఠశాల వాళ్లు 1989 నుంచి పిల్లల కోసం ప్రత్యేకంగా ఒక బృందమే నడుపుతున్నారు. జానపద వేషాల గురించి అయితే దూరం పోనక్కర్లేదు, తెలుగు విశ్వవిద్యాలయం వాళ్ల జానపద గిరిజన విజ్ఞాన పీఠం వరంగల్‌లోనే ఉంది.

ఉద్యోగాలు ఎక్కువగా హైదరాబాద్‌లో: పాఠ్యపుస్తకాల ప్రచురణ సంస్థలకు బొమ్మలు వేసేవాళ్లు, ఆన్‌లైన్ పాఠాల కంపెనీల్లో ఇన్‌స్ట్రక్షనల్ డిజైనర్లు (పాఠం ఎలా సాగాలో రూపొందించేవాళ్లు). వాళ్లు చూసేది అందమైన చివరి బొమ్మ కాదు. మీ కార్డుల ఆట మొదటి రూపం, పిల్లలు ఎక్కడ ఆగిపోయారు, రెండో రూపంలో ఏం మార్చారు, ఇవి ఫోటోలతో సహా పెట్టుకోండి.

వర్ణ_హన్మకొండ:
చాలా థ్యాంక్స్ అన్నా, అక్కా. ఒక్క డౌటు. ముఖానికి రంగు ఏం వాడాలె? ఒక పెద్దాయన పాతకాలం లెక్క అర్దళం తెప్పిస్త అంటున్నడు. ఇంకోటి, రెండు పనులు కలిపి చేసుకోవచ్చా అన్నది ఎవరూ చెప్పలే.

దారం_డబ్బా (కొత్తవాడ):
అర్దళం వద్దంటే వద్దు. పసుపుపచ్చ రంగు బాగ వస్తది, యక్షగానాలల్ల వాడిండ్రు, కాని అది ఆర్సెనిక్ ఉన్న ఖనిజం. పిల్లల ముఖానికి అసలే రాయొద్దు. నీళ్లతో కడిగితే పోయే ఫేస్ పెయింట్ తీసుకో. ముందురోజు మోచేతి లోపలివైపు కొంచెం రాసి తెల్లారి చూడు, దద్దు వస్తే ఆ పిల్లకు రంగు లేకుండ కాటుక, బొట్టుతో సరిపెట్టు.

రెండు పనులు కలిపే చెయ్యి. బడుల వార్షికోత్సవాలు డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, కుట్టుపని నవంబరులోనే మొదలైతది. మార్చిల పరీక్షలు, ఎవరూ పిలువరు. ఆట సామాను బడి తెరిచే జూన్ నుంచి దసరా సెలవుల దాకా అడుగుతరు. ఏప్రిల్, మే ఎండల్ల పాత వేషాలు ఉతికి, చిరిగినవి కుట్టి, వేపాకు వేసి పెట్టెలో పెట్టుకో. ఈ 19 కండువాలు, నడుంపట్టీలు బడికి అమ్మకు, కిరాయికి ఇయ్యి. వచ్చే ఏడు ఇంకో బడి బతుకమ్మ ఆటకు అవే పనికొస్తయి. కాకపోతే డిసెంబరు చివరి వారం అందరూ ఒకటే తేదీ అడుగుతరు, ఎవరికి ఏ రోజని ఒక నోటుబుక్కుల రాసుకో.