లైబ్రరీ కంప్యూటర్ వాడాలంటే ఫోన్ నంబర్ రాయాల్సిందేనా?

రీడింగ్‌రూమ్_అమ్మాయి:
గ్రూప్-2కి ప్రిపేర్ అవుతున్నాను, మా జిల్లా కేంద్ర గ్రంథాలయానికి రోజూ వెళ్తాను. ఇంట్లో ల్యాప్‌టాప్ లేదు, ఫోన్‌లో పీడీఎఫ్‌లు చదివి చదివి కళ్లు పోతున్నాయి, అందుకని అక్కడి కంప్యూటర్లే దిక్కు. కంప్యూటర్ గదిలోకి వెళ్లాలంటే తలుపు పక్కన బల్ల మీద ఉన్న రిజిస్టర్‌లో పేరు, ఊరు, ఫోన్ నంబర్, వచ్చిన టైము, వెళ్లిన టైము రాయాలి. చేరిన రోజు ఆధార్ జిరాక్స్ కూడా తీసుకున్నారు. ఆ రిజిస్టర్ పొద్దున్నుంచి సాయంత్రం దాకా అక్కడే తెరిచి ఉంటుంది, దారం కట్టిన పెన్నుతో సహా. ఎవరైనా రెండు పేజీలు వెనక్కి తిప్పితే చాలు, ఏ అమ్మాయి ఎన్నింటికి వస్తుందో ఎన్నింటికి వెళ్తుందో మొత్తం తెలిసిపోతుంది.

పోయిన నెల తెలియని నంబర్ నుంచి "హాయ్, మూడో సిస్టమ్ దగ్గర కూర్చుంటారు కదా" అని వాట్సాప్ మెసేజ్ వచ్చింది. బ్లాక్ చేశాను. ఇంకో నంబర్ నుంచి మళ్లీ వచ్చింది. నంబర్ ఎక్కడ దొరికిందో వేరే చెప్పక్కర్లేదు. స్టాఫ్‌కి చెబితే "రూలమ్మా, అందరూ రాస్తున్నారు, నీకొక్కదానికే ఏంటి ఇబ్బంది" అన్నారు. ఇంట్లో చెబితే లైబ్రరీయే మానేయమంటారు, అందులో డౌటే లేదు.

నిజంగా అలాంటి రూల్ ఉందా? ఒక అంకె మార్చి రాస్తే ఏమైనా అవుతుందా?

శాఖా_గ్రంథాలయం:
అమ్మా, ముందు ఆ మెసేజ్‌లు డిలీట్ చేయకండి. నంబర్ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి.

నేను వేరే జిల్లాలో లైబ్రరీ ఉద్యోగంలోనే ఉన్నాను కాబట్టి మా వైపు సంగతి కూడా చెప్తాను. రోజుకి ఎంతమంది వచ్చారో పైకి లెక్క పంపాలి, దానికి సంతకం చాలు. కంప్యూటర్ల దగ్గర భయం వేరే. ఎవడో వచ్చి కూర్చుని బెదిరింపు మెయిలో బూతు పోస్టో పెట్టిపోతే, పోలీసులు ఐపీ అడ్రస్ (ఏ నెట్ కనెక్షన్ నుంచి వెళ్లిందో చెప్పే నంబర్) పట్టుకుని వచ్చేది మా టేబుల్ దగ్గరికే. ఆ టైములో ఆ సీట్లో ఎవరున్నారయ్యా అంటే చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. కానీ దానికోసం అందరి నంబర్లూ గుమ్మంలో పరిచి పెట్టక్కర్లేదు. మా దగ్గర సభ్యత్వ కార్డు నంబర్, సిస్టమ్ నంబర్, టైము రాయిస్తాం, అంతే. ఫోనూ అడ్రసూ సభ్యత్వ ఫారంలో ఎలాగూ ఉంటాయి, ఆ ఫారం బీరువాలో ఉంటుంది. పోలీసులు కాగితం తెచ్చి అడిగితే రెండూ కలిపి చూస్తే పని అయిపోతుంది. మీకు కార్డు లేకపోతే డిపాజిట్ కట్టి తీసుకుని, ఆ నంబరే రాస్తానని అడిగి చూడండి.

మూడేళ్ల_ఎల్‌ఎల్‌బీ:
ఫోన్ నంబర్ కాలమ్ గాల్లోంచి ఊడిపడలేదు. 2011 ఏప్రిల్‌లో కేంద్రం ఐటీ (సమాచార సాంకేతిక) చట్టం కింద సైబర్ కేఫ్ రూల్స్ తెచ్చింది. లాగ్ రిజిస్టర్‌లో పేరు, అడ్రస్, కాంటాక్ట్ నంబర్, గుర్తింపు కార్డు వివరం, సిస్టమ్ నంబర్, కూర్చున్న టైము, లేచిన టైము ఉండాలని అందులో ఉంది (క్యాబిన్ అడ్డుగోడ నాలుగున్నర అడుగులు దాటకూడదని కూడా ఉంది, అప్పట్లో నెట్ సెంటర్లంటే ప్రభుత్వానికి అంత అనుమానం). మీ లైబ్రరీ రిజిస్టర్ దాదాపు అదే నమూనా.

అయితే చట్టం ప్రకారం సైబర్ కేఫ్ అంటే వ్యాపారంలో భాగంగా జనానికి ఇంటర్నెట్ ఇచ్చే చోటు. మన ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలు చేసి నడిపే లైబ్రరీ వ్యాపారం ఎలా అవుతుందని గట్టిగానే అడగొచ్చు. సరే, వర్తిస్తాయనే అనుకుందాం. అవే రూల్స్ ఆ రిజిస్టర్‌ని కనీసం ఏడాది పాటు భద్రంగా ఉంచమంటున్నాయి. వచ్చిపోయేవాళ్లంతా తిరగేసే పుస్తకం భద్రంగా ఉన్నట్టా? రూల్ అని మీ మీద రుద్దేవాళ్లు ఆ ముక్క కూడా పాటించాలి కదా. ఐడీ కూడా ఆధారే అక్కర్లేదు, ఓటరు కార్డు, పాన్, డ్రైవింగ్ లైసెన్స్, కాలేజీ ఐడీ ఏదైనా సరిపోతుంది. ఆధారే ఇవ్వాల్సి వస్తే చివరి 4 అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి.

అంకె మార్చి మాత్రం రాయొద్దు. రేపు ఆ సిస్టమ్ మీద ఏదైనా గొడవ వస్తే మీరు కావాలనే దాచారంటారు, ఆ టెన్షన్ మీకెందుకు.

ఆ మెసేజ్‌ల వాడికి "నాకు మెసేజ్ చేయొద్దు" అని ఒక్కసారి స్పష్టంగా రాసి ఊరుకోండి. వద్దన్నాక కూడా వెంటపడితే అది బీఎన్‌ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత) సెక్షన్ 78 కింద నేరం. తెలంగాణ అయితే షీ టీమ్స్‌కి (ఆడవాళ్లని వేధించేవాళ్ల సంగతి చూసే పోలీసు బృందాలకి) చెప్పొచ్చు.

న్యూజెర్సీ_కోడలు:
నేను హెచ్-4 (ఉద్యోగ వీసా ఉన్నవాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద అమెరికా వచ్చిన కొత్తలో ఇక్కడి లైబ్రరీలోనే రోజంతా ఉండేదాన్ని. కార్డు లేకపోయినా గెస్ట్ పాస్ ఇచ్చారు, టైము అయిపోగానే కంప్యూటర్ తనంతట తనే అన్నీ చెరిపేసుకుని మొదటికొస్తుంది. పాఠకుడు ఏం చదివాడో ఏం వెతికాడో బయటపెట్టకూడదని ఇక్కడి లైబ్రేరియన్ల సంఘం నియమావళిలో 1939 నుంచే ఉంది. 2005లో కనెక్టికట్‌లో ఒక లైబ్రరీ కంప్యూటర్ ఫలానా టైములో ఎవరు వాడారో చెప్పమని ఎఫ్‌బీఐ నోటీసిచ్చింది, పైగా నోటీసు వచ్చిందని కూడా ఎవరికీ చెప్పకూడదంది. నలుగురు లైబ్రేరియన్లు ఇవ్వమని కోర్టుకెళ్లారు, మరుసటి ఏడాది ప్రభుత్వమే వెనక్కి తగ్గింది. అలాగని ఇక్కడ అన్నీ బాగున్నాయని కాదు. ఫెడరల్ నిధులు తీసుకునే లైబ్రరీల్లో 2000 నాటి చట్టం వల్ల అశ్లీల సైట్లు ఆపే ఫిల్టర్లుంటాయి. పెద్దవాళ్లు అడిగితే తీసేయొచ్చు, కానీ కౌంటర్ దగ్గరికెళ్లి అది తీసేయండి అని అడగడానికే చాలామందికి మొహమాటం.

బస్టాండ్_సెంటర్:
అక్కా, అమెరికా కథ బాగుంది, ఇక్కడ నెట్ వస్తే అదే పండగ 😀

చెల్లీ, రిజిస్టర్ ఒక్కటే చూసుకుంటే సరిపోదు. మా ఊరి లైబ్రరీలో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిస్తే హాల్‌టికెట్లు, కుల ధ్రువీకరణ పత్రాలు, ఎవరివో ఆధార్ పీడీఎఫ్‌లు కుప్పలు. ఫొటో, సంతకం, పుట్టినతేదీ, అన్నీ అందులోనే. ఇన్‌కాగ్నిటోలో తెరిచాం కదా అని ధైర్యంగా ఉంటారు, అది హిస్టరీ దాచుకోదు గానీ మీరు దించిన ఫైల్ ఫోల్డర్‌లోనే ఉంటుంది. లేచేముందు ఫైల్ డిలీట్ చేసి రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయి. వాట్సాప్ వెబ్ తెరిచి ఉంటే నీ ఫోన్‌లో లింక్‌డ్ డివైసెస్‌లోకి వెళ్లి అక్కడి నుంచే లాగౌట్ కొట్టు. ఇంకోటి, గేటు బయట జిరాక్స్ షాపు వాడి వాట్సాప్‌కి సర్టిఫికెట్లు పంపి ప్రింట్ తీయించుకుంటాం కదా, వాడి ఫోన్‌లో సగం ఊరు ఉంటుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు.

రీడింగ్‌రూమ్_అమ్మాయి:
అందరికీ థాంక్స్. మెసేజ్ చేయొద్దని రాశాను, స్క్రీన్‌షాట్లు ఉన్నాయి. ఇవాళ కార్డు నంబర్ రాస్తానంటే "సార్ ఒప్పుకోరు" అన్నారు, ఆ సార్ ఎవరో చెప్పలేదు. నాతో చదివే ఇంకో ఇద్దరమ్మాయిలు కూడా ఇలాంటి మెసేజ్‌లే వచ్చాయన్నారు. కంప్లైంట్ ఇస్తే కంప్యూటర్ గదికే తాళం వేస్తారేమోనని వాళ్లు వెనకాడుతున్నారు.

శాఖా_గ్రంథాలయం:
తాళం వేసేంత తేలిక కాదమ్మా, వాడకం లెక్కలు వాళ్లకీ కావాలి. ముగ్గురూ కలిసి జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శి పేరు మీద అర పేజీ అర్జీ రాయండి. స్టాఫ్ మీద ఫిర్యాదులా రాయొద్దు. రిజిస్టర్ ఉద్యోగి టేబుల్ మీదే ఉంచాలి, ఫోన్ బదులు కార్డు నంబర్ రాయనివ్వాలి, ఇదివరకు ఇచ్చిన ఆధార్ జిరాక్స్‌లు ఎక్కడున్నాయో చెప్పాలి, ఈ మూడే అడగండి. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. జవాబు రాకపోతే, ఫోన్ నంబర్ రాయించమని ఏ ఉత్తర్వులో ఉందో కాపీ ఇవ్వమని సమాచార హక్కు కింద 10 రూపాయలు కట్టి అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. అది చేరిన రోజే రిజిస్టర్ లోపలికి వెళ్లినా ఆశ్చర్యపోకండి.