డాంకీ కాంగ్ క్యాబినెట్: రంగులు తారుమారు, శబ్దం లేదు. రీప్రొడక్షన్ బోర్డు దొరుకుతుందా?

చెక్కపెట్టె:
మిత్రులారా, నిన్న సాయంత్రం నుంచి ఈ యంత్రం పునరుద్ధరణే పట్టుకుని కూర్చున్నాను, పని మాత్రం ఒక్క అడుగు కూడా ముందుకు సాగలేదు. నా దగ్గర ఉన్నది నింటెండో వారి డాంకీ కాంగ్ అనే పాత ఆర్కేడ్ వీడియో గేమ్ నిలువు క్యాబినెట్, అంటే నిలబడి ఆడే పెట్టె. తెర మీద నల్లగా ఉండవలసిన చోటల్లా తెల్లగా వస్తోంది, ఎర్రటి ఇనుప దూలాలు ఆకుపచ్చగా కనబడుతున్నాయి, నిచ్చెనల రంగు కూడా మారిపోయింది. ఆట మాత్రం సవ్యంగానే నడుస్తోంది. పీపాలు దొర్లుతున్నాయి, గెంతే బటన్ పనిచేస్తోంది, స్కోరు పెరుగుతోంది. శబ్దం అసలే లేదు. స్పీకర్ మార్చి చూశాను, తీగలన్నింటినీ మీటరుతో పరీక్షించాను, ఎక్కడా తెగలేదు. రంగులను నిర్ణయించే ప్రామ్ (మెమరీ) చిప్‌లూ, శబ్దం తయారుచేసే భాగమూ రెండూ పోయాయని నాకు అర్థమైంది. ఇన్ని పోయిన బోర్డును బాగుచేయడం కంటే మొత్తంగా మార్చడమే మేలు. దీనికి రీప్రొడక్షన్ (రీప్రో) బోర్డులు, అంటే అసలుదాని నమూనాలో కొత్తగా చేసినవి, ఎవరైనా తయారుచేస్తున్నారా? మరొక సంగతి కూడా ఉంది. కంట్రోల్ ప్యానెల్ మీద అంటించడానికి తెప్పించుకున్న రీప్రో స్టిక్కర్ రంధ్రాలకు ఏమాత్రం సరిపోలేదు. కొలతలు చూసుకోకుండా అచ్చువేసి అమ్మితే కొన్నవాళ్ళు ఏం చేయాలి? తెలిసినవారు దయచేసి చెప్పండి.

నాలుగుదిక్కులు:
బోర్డులు రెండు ఉన్నాయా, నాలుగు ఉన్నాయా? వాటి మీద బోర్డు రకం పేరు టీకేజీ-4 అని ఉందా? ఆ వివరం లేకుండా ఏ బోర్డు సరిపోతుందో ఎవరూ చెప్పలేరు.

సిరాఅచ్చు:
చెక్కపెట్టె గారూ, మీరు స్టిక్కర్ సంగతి చివరలో ఒక మాటగా చెప్పారు గానీ, రీప్రో విడిభాగాల్లో ఎక్కువమంది నష్టపోయేది అక్కడే కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. పాత కంట్రోల్ ప్యానెల్ ఓవర్‌లేలు (ప్యానెల్ మీద అంటించే బొమ్మల స్టిక్కర్లు) చాలావరకు స్క్రీన్ ప్రింటింగ్‌తో చేసినవి. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క తెర కట్టి, చిక్కటి సిరాను విడివిడిగా దించుతారు. మంచి ఓవర్‌లేలో అచ్చు పాలికార్బొనేట్ రేకు అడుగువైపున ఉంటుంది. చేతులు రాసుకునేది రేకుకే గనుక సిరా అరగదు. ఇప్పుడు చౌకగా అమ్ముతున్న వాటిలో చాలావరకు డిజిటల్ ముద్రణతో వినైల్ మీద వేసి, పైన పల్చటి ల్యామినేషన్ వేసినవే. భూతద్దం పెట్టి చూస్తే నిండు రంగు ఉండవలసిన చోట సన్నటి చుక్కలు కనబడతాయి. పైగా చాలామంది అసలు ఓవర్‌లేను స్కాన్ చేసి, గీతలను మళ్ళీ గీయకుండా, ఆ స్కాన్‌నే ముద్రిస్తారు. అందువల్ల అక్షరాల అంచులు పలుచబడతాయి, పాత ఓవర్‌లే మీది మరకలు, వెలిసిన రంగులు కూడా కొత్తదాని మీదికి ఎక్కుతాయి. కొనేముందు నాలుగు విషయాలు తప్పకుండా అడగండి: ఏ పద్ధతిలో ముద్రించారు, రేకు మందం ఎంత, చిత్రాన్ని రేఖలుగా మళ్ళీ గీశారా, కొలతలు ఏ అసలు ప్యానెల్ నుంచి తీసుకున్నారు. ఈ నాలుగింటికీ సూటిగా జవాబు చెప్పలేనివారి దగ్గర కొనకపోవడమే మంచిది. క్యాబినెట్ పైభాగంలో ఆట పేరు ఉండే పలకకు, అంటే మార్కీకి కూడా ఇదే వర్తిస్తుంది. దాని వెనుక దీపం వెలుగుతుంది కాబట్టి పల్చటి డిజిటల్ ముద్రణ అయితే నలుపు చోట్లలో నుంచి వెలుతురు కారిపోయి బొమ్మంతా వెలవెలబోతుంది.

చెక్కపెట్టె:
బోర్డులు రెండు. టీకేజీ-4 అని ఉంది. సిరాఅచ్చు గారూ, మీరు శ్రద్ధగా రాశారు, కృతజ్ఞతలు. కానీ ప్రస్తుతం నాకు ముఖ్యమైనది బోర్డు. స్టిక్కర్ సంగతి తరువాత చూసుకుంటాను.

టంకంపని:
బోర్డును మార్చాలన్న ఆలోచనను దయచేసి పక్కన పెట్టండి. అసలు బోర్డు ఒకటి చేతిలో ఉండి, అందులో ఆట నడుస్తూ ఉంటే, దాన్ని వదిలేసి రీప్రో కోసం వెతకడం నాకు ఎంతమాత్రం సమంజసంగా అనిపించడం లేదు. ఇందులో ప్రధాన ప్రాసెసర్ జెడ్80, శబ్దానికి ఇంటెల్ 8035. జిలాగ్ సంస్థ రెండు వరుసల కాళ్ళుండే డిప్ ప్యాకేజీ జెడ్80 తయారీని ఆపేస్తున్నట్లు 2024 ఏప్రిల్‌లో ప్రకటించి, ఆ జూన్ వరకు మాత్రమే చివరి ఆర్డర్లు తీసుకుంది. అయినా దశాబ్దాలుగా తయారైన చిప్ గనుక పాత నిల్వలు విస్తారంగా ఉన్నాయి. చౌకగా వచ్చేవాటిలో పాత చిప్‌ల మీది అక్షరాలు గీకేసి కొత్త పేరు ముద్రించినవి కూడా కలుస్తున్నాయి కాబట్టి, అసిటోన్‌లో ముంచిన దూదితో పైభాగం తుడిచి అక్షరాలు చెరుగుతున్నాయేమో చూడాలి. ఆట ప్రోగ్రాం ఉండే ఈప్రామ్ చిప్‌లలోని సమాచారం కాలక్రమంలో చెడిపోతుంది, అయితే వాటిని చదివి సరిపోల్చి తిరిగి రాసుకోవచ్చు. నిజంగా భయపడవలసింది ఒక సంస్థ తన కోసమే చేయించుకున్న కస్టమ్ చిప్‌ల గురించి. గలాగా ఆటలో వాడిన నామ్కో చిప్‌లు, అటారీ వారి పోకీ చిప్ అటువంటివే. అవి పోతే పాత బోర్డుల నుంచి ఊడదీయాలి, లేదా ఎఫ్‌పీజీఏ (కావలసినట్లు అమర్చుకోగల చిప్) మీద చేసిన ప్రత్యామ్నాయాలను వెతుక్కోవాలి. డాంకీ కాంగ్ బోర్డు మీద ఎక్కువభాగం మామూలు 74 శ్రేణి లాజిక్ చిప్‌లే. ఓర్పు, చిప్ కాళ్ళ మీది సంకేతాన్ని చూపే లాజిక్ ప్రోబ్ ఒకటి, సర్క్యూట్ బొమ్మ ఉంటే చాలు, అది బాగుపడుతుంది. మొదట సాకెట్ల కాళ్ళను, రెండు బోర్డులను కలిపే రిబ్బన్ తీగల కనెక్టర్లను శుభ్రం చేయండి.

నాలుగుదిక్కులు:
ప్రామ్ పోతే రంగులు గందరగోళమవుతాయి. ఇంత క్రమంగా తిరగబడవు. ఆయన చెప్పింది ఫోటో నెగెటివ్.

గాజుతెర:
నాలుగుదిక్కులు గారి మాటతో ఏకీభవిస్తున్నాను. చెక్కపెట్టె గారూ, క్యాబినెట్‌లో ఉన్నది దానితోపాటు వచ్చిన మానిటరేనా?

చెక్కపెట్టె:
మానిటర్‌లో సమస్యేమీ లేదండీ, అది సరికొత్తది. పాతది వెలగడం మానేస్తే తీసేసి, ఆర్కేడ్ బోర్డులకు సరిపోయేలా 15 కిలోహెర్ట్జ్ వీడియో సంకేతం తీసుకునే ఎల్‌సీడీ బిగించాను. బొమ్మ చాలా నిలకడగా, స్పష్టంగా వస్తోంది. అందుకే లోపం బోర్డులోనే ఉందని చెబుతున్నాను.

గాజుతెర:
మీ రెండు సమస్యలకూ కారణం ఆ మార్పే. మీ బోర్డు చాలావరకు నిక్షేపంగా ఉన్నట్లే లెక్క.

నింటెండో ఈ క్యాబినెట్లలో వాడినది శానియో 20ఈజెడ్ మానిటర్. మిగతా తయారీదారుల బోర్డులు వీడియో సంకేతం పెరిగేకొద్దీ వెలుతురు పెరిగేలా ఇస్తాయి. నింటెండో బోర్డు దానికి తలకిందులుగా ఇస్తుంది, శానియో దాన్ని తలకిందులుగానే అందుకుంటుంది కాబట్టి తెర మీద అంతా సవ్యంగా కనబడుతుంది. మామూలు మానిటర్ పెట్టగానే నలుపు తెలుపవుతుంది, ఎరుపు దూలం ఆకుపచ్చనవుతుంది. బొమ్మను తెర మీద నిలిపే సింక్ సంకేతంలో ఈ తేడా లేదు గనుక బొమ్మ మాత్రం కదలకుండా నిలబడుతుంది. మీరు చూస్తున్నది సరిగ్గా ఇదే. డాంకీ కాంగ్ జూనియర్‌కూ మారియో బ్రదర్స్‌కూ ఇదే పద్ధతి. ఇందుకోసమే వీడియో ఇన్వర్టర్ అని ఒక చిన్న బోర్డు కొత్తగా తయారుచేసి అమ్ముతున్నారు. బోర్డుకూ మానిటర్‌కూ మధ్య ఎరుపు, ఆకుపచ్చ, నీలం తీగల దారిలో దాన్ని పెట్టాలి.

ఇక శబ్దం సంగతి. ఈ యంత్రంలో ఆడియో యాంప్లిఫయర్ ఆట బోర్డు మీద ఉండదు, ఆ శానియో మానిటర్‌లోనే ఉంటుంది. బోర్డు ఇచ్చే బలహీనమైన సంకేతం మానిటర్‌కు వెళ్ళి, అక్కడ బలం పుంజుకుని స్పీకర్‌కు చేరుతుంది. మానిటర్‌ను తీసేసినప్పుడు యాంప్లిఫయర్ కూడా దానితోపాటే వెళ్ళిపోయింది. స్పీకర్ ఎన్నిసార్లు మార్చినా ప్రయోజనం ఉండదు. బోర్డు నుంచి పాత మానిటర్‌కు వెళ్ళిన ఆడియో తీగనూ, దాని గ్రౌండ్ తీగనూ కంప్యూటర్‌కు వాడే, సొంత విద్యుత్తు ఉన్న స్పీకర్‌కు కలిపి చూడండి. ధ్వని వినిపిస్తే బోర్డులో శబ్దం భాగం బాగున్నట్లే. తరువాత చిన్న యాంప్లిఫయర్ ఒకటి లోపల శాశ్వతంగా బిగించుకోవచ్చు.

ఒక జాగ్రత్త. ఈ క్యాబినెట్లలో ట్రాన్స్‌ఫార్మర్ శానియోకు 100 వోల్టుల ఏసీ ఇస్తుంది. మీ ఎల్‌సీడీకి విద్యుత్తు ఆ తీగల నుంచే తీసుకుని ఉంటే, అది 100 వోల్టులకు తగినదో కాదో దాని వెనుక చీటీ మీద చూసి నిర్ధారించుకోండి.

టంకంపని:
యాంప్లిఫయర్ మానిటర్‌లో ఉంటుందన్న విషయం ఈ చర్చలో మొదటే వచ్చి ఉండవలసింది. అయినా కనెక్టర్లు శుభ్రం చేయాలన్న నా సలహా మాత్రం అలాగే ఉంటుంది.

సిరాఅచ్చు:
ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. ఎల్‌సీడీ బిగించిన తరువాత దీన్ని పునరుద్ధరణ అనడం సరికాదు. మరమ్మతు అనండి, మార్పిడి అనండి, నాకు అభ్యంతరం లేదు. పునరుద్ధరణ అంటే యంత్రం కర్మాగారం నుంచి వెలువడిన నాటి స్థితికి తేవడం. ఆ ఆటలోని బొమ్మలను గీసినవారు పిక్చర్ ట్యూబు మీద అవి ఎలా కనబడతాయో చూసి గీశారు. గీతకూ గీతకూ మధ్య సన్నటి చీకటి, ప్రకాశవంతమైన చుక్క చుట్టూ చిన్న మెరుపు, అంచుల్లో కొద్దిపాటి వంపు ఇవన్నీ ఆ ఆటలో భాగాలే.

గాజుతెర:
మీ అభిరుచిని గౌరవిస్తాను, కానీ ఆ నిర్వచనాన్ని అంగీకరించలేను. ఆర్కేడ్ యంత్రాల కోసం కొత్త పిక్చర్ ట్యూబులను ఇప్పుడు ఎవరూ తయారుచేయడం లేదు. ట్యూబు పాడైనవారు పాత టీవీ నుంచి ట్యూబు తీసి, మెడ దగ్గర పిన్నుల అమరిక, ఎలక్ట్రాన్ కిరణాన్ని తిప్పే యోక్ కాయిల్ రెసిస్టెన్స్ సరిపోతాయో లేదో చూసి అమర్చుకోవలసిందే. ఆ టీవీలు కూడా తరిగిపోతున్నాయి. మీ నిర్వచనం ప్రకారం త్వరలో ఏ యంత్రమూ పునరుద్ధరణకు నోచుకోదు. పదిమంది ఆడుకునేలా నిలబెట్టిన యంత్రానికి ఆ పేరు దక్కకూడదా?

సిరాఅచ్చు:
దక్కాలి, కాకపోతే ఏది అసలుదో, ఏది రీప్రోనో, ఏది ప్రత్యామ్నాయమో రాసి క్యాబినెట్ లోపల అంటించాలి. రీప్రో మార్కీని అసలుదని చెప్పి అమ్మడం ఈ రంగానికి పట్టిన చీడ. తయారీదారులు వెనుకవైపున రీప్రొడక్షన్ అనీ, ముద్రించిన సంవత్సరం ఏదనీ వేస్తే సగం తగవులు తీరిపోతాయి.

గాజుతెర:
చీటీ అంటించాలన్న మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. చెక్కపెట్టె గారూ, మీ పాత శానియో వెలగకపోవడానికి కారణం ట్యూబు కాకపోవచ్చు. ఇన్నేళ్ళలో కెపాసిటర్లు ఎండిపోవడం, టంకం అతుకులు పగలడం సర్వసాధారణం. ఈ మానిటర్‌కు కెపాసిటర్ కిట్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి. బాగుపడితే ఇన్వర్టర్ గానీ, వేరే యాంప్లిఫయర్ గానీ అవసరం ఉండదు. అయితే ట్యూబు ఆనోడ్ దగ్గర వేల వోల్టుల విద్యుత్తు ఉంటుంది, స్విచ్ ఆపిన తరువాత కూడా అది నిలిచి ఉండవచ్చు. దాన్ని గ్రౌండ్‌కు విడుదల చేసే పద్ధతి తెలిసినవారు పక్కన లేకుండా చేయి పెట్టవద్దు.

నాలుగుదిక్కులు:
కంట్రోల్ ప్యానెల్ మీద జాయ్‌స్టిక్‌లు ఎన్ని?

చెక్కపెట్టె:
ఒకటే. కుడివైపున ఇంకొక జాయ్‌స్టిక్‌కు సరిపడా రంధ్రం ఉంది, దాన్ని గుండ్రటి బిళ్ళతో మూసేశారు. అది మొదటి నుంచీ అలాగే ఉంది.

నాలుగుదిక్కులు:
అది డాంకీ కాంగ్ ప్యానెల్ కాదు. డాంకీ కాంగ్‌కు ఒక జాయ్‌స్టిక్, ఒక గెంతు బటన్ మాత్రమే ఉంటాయి. మీది మారియో బ్రదర్స్ వంటి ఇద్దరు కలిసి ఆడే ఆట ప్యానెల్.

సిరాఅచ్చు:
అలాగైతే స్టిక్కర్ తయారుచేసినవారిని తప్పుపట్టలేము. నింటెండో దాదాపు ఒకే ఆకారపు క్యాబినెట్‌ను అనేక ఆటలకు వాడింది. మొట్టమొదటి డాంకీ కాంగ్‌లు కూడా అమ్ముడుపోని రాడార్ స్కోప్ అనే ఆట యంత్రాలను మార్చి చేసినవే. తరువాత యజమానులు ఆదాయం తగ్గినప్పుడల్లా ఆట మార్చుకుంటూ పోయారు. అందువల్ల పక్కల మీది బొమ్మను చూసి లోపలి విడిభాగాలు ఆర్డర్ చేయడం ప్రమాదకరం. మీకు రెండు దారులు ఉన్నాయి. డాంకీ కాంగ్ ఇనుప ప్యానెల్‌ను సంపాదించడం ఒకటి. ఉన్న ప్యానెల్‌లో అదనపు రంధ్రాలను వెల్డింగ్‌తో పూడ్చి, నునుపు చేసి, కొత్తగా రంధ్రాలు వేయించడం రెండవది. రెండవ దారిలో వెళ్తే ఇద్దరాటగాళ్ళ ప్యానెల్ ఒకటి శాశ్వతంగా పోతుంది, కాబట్టి మొదటిదానికే నా ఓటు. ఏదైనా సరే, స్టిక్కర్‌ను అంటించకుండా ప్యానెల్ మీద పరచి, రంధ్రాల మధ్య దూరాలను వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి చూసుకున్న తరువాతే వెనుక కాగితం ఒలవండి.

నాలుగుదిక్కులు:
జాయ్‌స్టిక్ కూడా చూడండి. ఈ ఆటకు నాలుగు దిక్కులదే పెట్టాలి. ఎనిమిది దిక్కులది ఉంటే మూలకు తగిలి, నిచ్చెన ఎక్కవలసిన చోట బొమ్మ నిలిచిపోతుంది. కొత్తవాటిలో చాలావరకు కర్ర ఏ దిక్కులకు కదలాలో నిర్ణయించే, అడుగున ఉన్న గేటును తిప్పి మార్చుకోవచ్చు.

టంకంపని:
పాత నింటెండో స్టిక్‌లో ఉండేది లీఫ్ స్విచ్‌లు, అంటే రెండు లోహపు రేకులు తాకినప్పుడు పనిచేసేవి. మైక్రోస్విచ్ జాయ్‌స్టిక్‌లు టిక్కుటిక్కుమంటాయి, చేతికి తెలిసే స్పర్శ వేరుగా ఉంటుంది. లీఫ్ స్విచ్‌ల మొనలను గరుకు కాగితంతో రుద్దవద్దు, మందపాటి కాగితం ముక్కను మధ్యలో పెట్టి రెండుసార్లు లాగితే చాలు.

చెక్కపెట్టె:
కంప్యూటర్ స్పీకర్ తగిలించాను, శబ్దం వచ్చింది. ఇన్వర్టర్ కోసం ఆర్డర్ పెడుతున్నాను. అందరికీ ధన్యవాదాలు.

గాజుతెర:
సంతోషం. ఎల్‌సీడీ విద్యుత్తు ఎక్కడ నుంచి తీసుకున్నారో చెప్పలేదు. ఆ చీటీ చూశారా?

నాలుగుదిక్కులు:
పాత శానియో మానిటర్‌ను పారేయవద్దు.