ప్రారబ్ధం: తలరాతా, తలపెట్టిన పనా?

సోంపేట నుంచి:
‘ఆరంభింపరు నీచమానవులు’ పద్యం చిన్నప్పుడు బట్టీ పట్టనివాళ్లు మన గ్రూపులో ఉండరనుకుంటా. భర్తృహరి శ్లోకానికి ఏనుగు లక్ష్మణకవి తెలుగు. దాని ఆఖరి పాదం ‘ప్రారబ్ధార్థము లుజ్జగింపరు సుమీ ప్రజ్ఞానిధుల్ గావునన్’. ప్రజ్ఞ గలవాళ్లు ప్రారబ్ధాన్ని విడిచిపెట్టరట. మా ఊళ్లో మాత్రం ఏ కష్టమొచ్చినా ‘ఏటి సేత్తాం బావూ, మా పారబ్దం’ అంటారు. అది పట్టు వదలొద్దనే మాట, ఇది చేతులెత్తేసే మాట. ఒకే పదం ఇలా రెండు వైపులకీ ఎలా పోయింది?

విజయనగరం నుంచి:
సంస్కృతం చదువుకున్నవాణ్ణి, కాస్త చాదస్తంగా చెబుతాను, భరించండి. ఆరంభం, ప్రారబ్ధం రెండూ ‘రభ్’ ధాతువు నుంచి వచ్చినవే. ప్రారబ్ధం అంటే మొదలైపోయినది, అంతే. పద్యంలో మొదలైంది మనం పూనుకున్న పని. వేదాంతంలో మొదలైంది కర్మఫలం. వాళ్లు కర్మని మూడుగా విడదీశారు: కూడబెట్టి ఉన్నది సంచితం, అందులో ఫలమివ్వడం మొదలెట్టినది ప్రారబ్ధం, ఇప్పుడు చేస్తున్న పనుల వల్ల రాబోయేది ఆగామి. ప్రారబ్ధాన్ని వింటి నుంచి వదిలిన బాణంతో పోలుస్తారు. జ్ఞానం కలిగినా అది మధ్యలో ఆగదు. అలాగని అమ్ములపొది మొత్తం చేజారిపోయిందని వాళ్లు అనలేదు. తలరాతకీ దీనికీ తేడా అక్కడే. తలరాత అన్నామంటే అంతా ముందే రాసేసి ఉన్నట్టు.

మందస నుంచి:
మాస్టారూ, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పోయిన మర్నాడు మా ఉద్దానం తోటలు చూసినవాళ్లకి ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. కొన్ని కొబ్బరిచెట్లు నడుమకి విరిగాయి, కొన్ని వేళ్లతో సహా లేచి పక్క జీడితోటలో పడ్డాయి. మా చినమావయ్య అదంతా చూసి ‘పారబ్దం’ అన్నాడు, ఒక్క ముక్క. ఆ తర్వాత మానులు కోయించడానికి రంపం మిషన్ కోసం ఊళ్లంట తిరిగాడు. దుంగలు తీయించి, గోతులు తవ్వించి, అడుగున ఇసుక పోయించి మళ్లీ కొబ్బరి మొక్కలే పెట్టాడు. నాటు రకం, కాపుకి ఆరేడేళ్లు పడుతుంది. డెబ్బై దాటిన మనిషికి అదేం లెక్కో నేనడగలేదు. పడిపోయిన చెట్టుని పారబ్దం అన్నాడు గానీ, పెట్టబోయే మొక్క గురించి ఆ మాట అనలేదు. మా వైపు ఎవరూ అనగా వినలేదు. జరిగిపోయినదానికే ఆ మాట వాడతారు.

కవిటి నుంచి:
అన్నయ్యా, మీ మావయ్య తన గురించి తాను అనుకున్నారు కాబట్టి బాగుంది. ‘నా ఖర్మ’, ‘నీ ఖర్మ’ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిది ఓర్చుకోవడం, రెండోది చేతులు దులుపుకోవడం. మా దగ్గర కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఇప్పటికీ గట్టిగా తేలలేదు. వారం వారం డయాలసిస్‌కి తిరిగేవాళ్లతో కొందరు ‘మీ ప్రారబ్ధం, ఏం చేస్తాం’ అంటారు. జాలిపడే అంటారు, కానీ వింటే ఒళ్లు మండుతుంది. ఆ మాటకి సరే అని కూర్చుంటే 2023 డిసెంబరులో హిరమండలం నుంచి నీళ్ల పథకం, పలాసలో కిడ్నీ ఆసుపత్రి వచ్చేవా? ఏళ్ల తరబడి అడగ్గా అడగ్గా వచ్చాయి. ఇంకా అడగాల్సినవి ఉన్నాయి. నా మట్టుకు పద్యంలో అర్థం చాలు, రెండోది పండితులే ఉంచుకోండి.

విజయనగరం నుంచి:
ఉంచుకుంటాం తల్లీ. కానీ నాకో సందేహం. ఈ మూడింటిలో ప్రారబ్ధం ఒక్కటే ఊళ్లోకి దిగింది. సంచితం, ఆగామి అన్న మాటలు పొలంలోనో సంతలోనో ఎవరైనా అనగా విన్నారా?

మందస నుంచి:
ఆగామి వినలేదు మాస్టారూ. ‘సూద్దాం’ రోజూ వింటాను.